ఖండాంతరం ఎక్కడ మొదలవుతుంది?

2012 ఏప్రిల్ 19న అగ్ని-5 మొదటిసారి ఎగిరినప్పుడు మన పత్రికల్లో చాలావాటికి అది 'ఖండాంతర క్షిపణి'. 2025 ఆగస్టు 20న అదే అగ్ని-5ను ఒడిశాలోని చాందీపూర్ నుంచి మళ్లీ పరీక్షించినప్పుడు రక్షణ శాఖ ప్రకటన దాన్ని 'ఇంటర్మీడియట్ రేంజ్' క్షిపణి అంది. తెలుగులో మధ్యంతర శ్రేణి అనుకుందాం. పదమూడేళ్లలో క్షిపణి కుంచించుకుపోలేదు, ఖండాలు ఎడంగా జరగలేదు. మరి ఏ పేరు సరైనది? స్వల్ప, మధ్య, మధ్యంతర, ఖండాంతర అని ఈ శ్రేణులు తేల్చేదెవరు, ఏ కొలబద్దతో?

బడిపిల్లలూ ఇదే అడుగుతారు, టీకొట్టు దగ్గర పేపరు చదివే పెద్దలూ ఇదే అడుగుతారు. జవాబులో సగం భౌతికశాస్త్రం, సగం రాజకీయం. ముందు దూరాల సంగతి తేల్చుకుంటే మిగతాది సులువు.

టవర్ క్లాక్ నుంచి కొలిస్తే

ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న పట్టిక అమెరికా వాళ్లది. వెయ్యి కిలోమీటర్ల లోపు పోయేది స్వల్పశ్రేణి, పొట్టిగా ఎస్‌ఆర్‌బీఎం. వెయ్యి నుంచి మూడు వేల దాకా మధ్యశ్రేణి, ఎంఆర్‌బీఎం. మూడు వేల నుంచి 5,500 దాకా మధ్యంతర శ్రేణి, ఐఆర్‌బీఎం. ఆపైన ఎంత పోయినా ఖండాంతర శ్రేణి, ఐసీబీఎం. మన పత్రికలు రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపి 'మధ్యశ్రేణి' అనేయడం వల్ల సగం గందరగోళం అక్కడే పుడుతుంది. ఒకదానికి వెయ్యి కిలోమీటర్లు చాలు, ఇంకోదానికి ఐదు వేలు కూడా చెల్లుతాయి. రెండూ ఒకే పేరు మీద అచ్చవుతాయి.

అంకెలు ఉత్తగా చెబితే బుర్రకెక్కవు. అనంతపురం నడిబొడ్డున టవర్ క్లాక్ దగ్గర నిలబడి చుట్టూ వలయాలు గీద్దాం. ఇది దూరాల లెక్క మాత్రమే, ఎవరి మీదా గురి కాదు. రోడ్డు దూరం కాదు, కాకి ఎగిరే దూరం. గోడకు తగిలించే చదును పటం ఇక్కడ మోసం చేస్తుంది. గ్లోబు మీద దారం బిగించి కొలవాలి.

మొదటి వలయం వెయ్యి కిలోమీటర్లు. బెంగళూరు 190, హైదరాబాద్ 315, చెన్నై 340, విశాఖపట్నం 690, ముంబై 700, కొలంబో 900. అంటే దక్షిణ భారతమంతా, పొరుగున శ్రీలంక రాజధానితో సహా, 'స్వల్ప' దూరమే. విశాఖ రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేసేవాళ్లు ఈ మాట ఒప్పుకోకపోవచ్చు. రెండో వలయం మూడు వేలు. కోల్‌కతా 1,430, ఢిల్లీ 1,550. కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి పనికి పోయినవాళ్లు ఉండే దుబాయ్ 2,600. మూడో వలయంలోకి సింగపూర్ 3,240తో, బీజింగ్ 4,690తో వస్తాయి. మాస్కో 5,690. గీత దాటింది కాబట్టి ఖండాంతరం.

ఇక్కడ ఒక తమాషా చూడండి. సోమాలియా రాజధాని మొగదిషు మన టవర్ క్లాక్‌కు 3,800 కిలోమీటర్లు. అది ఆఫ్రికా, వేరే ఖండం, మధ్యలో అరేబియా సముద్రం. అయినా అక్కడికి పోగల క్షిపణి ఖండాంతరం కాదు. టోక్యో 6,560 కిలోమీటర్లు. మనమూ ఆసియాలోనే, టోక్యో కూడా ఆసియాలోనే. అయినా అంత దూరం పోగలిగితే అది ఖండాంతర క్షిపణే. కాబట్టి ఆ పేరుకూ ఖండాలకూ ఉన్న సంబంధం అంతంత మాత్రం. 5,500 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ ముడి విడిపోతుంది. దానికి ముందు క్షిపణి అంత దూరం ఎలా పోతుందో చూడాలి.

వడిసెల రాయి, హైదర్ రాకెట్టు

సజ్జ కంకి పాలుపోసుకునే రోజుల్లో మంచె ఎక్కి పిట్టలను తోలేవాళ్లకు ఈ శాస్త్రం చేతి వాటం. వడిసెల గిర్రున తిప్పి ఒక కొస వదిలాక రాయి మీద మనిషి అదుపు పోయినట్టే. వదిలిన క్షణంలో దానికి ఎంత వేగం ఉంది, ఏ కోణంలో వెళ్లింది అన్నవే అది ఎక్కడ పడాలో నిర్ణయిస్తాయి. మిగతాది భూమి ఆకర్షణ, గాలి చూసుకుంటాయి. ఇలా విసిరాక తన దారిన తాను పోయే కదలికనే శాస్త్రం బాలిస్టిక్ అంటుంది. 'విసురు క్షిపణి' అంటే మనకు సులువుగా అర్థమవుతుంది.

విసురు క్షిపణిలో ఇంజన్ మండేది మొదటి ఒకటి రెండు నిమిషాలు, పెద్దవాటిలో మూడు నాలుగు నిమిషాలు. ఆ కాస్తలోనే కావలసిన వేగం, కోణం అందుకోవాలి. తర్వాత ముందుభాగం, అంటే బాంబు ఉన్న ముక్కు, మిగతా దారంతా విసిరిన రాయిలా పోతుంది. బ్రహ్మోస్ ఈ కోవలోకి రాదు. అది విమానంలా గాలిలోనే, ఇంజన్ నడుస్తుండగానే చివరిదాకా వెళ్లే క్రూయిజ్ క్షిపణి. మనం మాట్లాడుకుంటున్న నాలుగు శ్రేణులూ విసురు క్షిపణులకే. జలాంతర్గామి నుంచి పేల్చేవి కూడా విసురు క్షిపణులే అయినా, వాటిని ఎంత దూరం పోతాయన్న దాన్నిబట్టి కాక ఎక్కడి నుంచి లేస్తాయన్న దాన్నిబట్టి ఎస్‌ఎల్‌బీఎం అంటారు. 3,500 కిలోమీటర్ల కె-4ను 2024 నవంబరులో ఐఎన్ఎస్ అరిఘాత్ నుంచి పరీక్షించింది మన విశాఖ తీరానికి ఎదురుగా ఉన్న సముద్రంలోనే.

యుద్ధ రాకెట్టు ఈ గడ్డకు కొత్త కాదు. 1776లో మురారిరావు చేతిలోని గుత్తి కోటను నెలల తరబడి ముట్టడించి పట్టుకున్న హైదర్ అలీ సైన్యంలో రాకెట్ల దళం ఉండేది. కోట పడిపోవడానికి కారణం మాత్రం రాకెట్లు కావు, లోపల నీళ్లు అయిపోవడం. కరువు సీమ చరిత్రలో ఆయుధం కన్నా నీటిబొట్టు గెలిపించిన యుద్ధాలు ఇంకా ఉండే ఉంటాయి. హైదర్, టిప్పు రాకెట్ల గొప్పదనం ఇనుప గొట్టం. అంతకుముందు వెదురులో, కాగితంలో కూరిన మందు పీడనం ఎక్కువైతే గొట్టమే చీలిపోయేది. ఇనుము ఆ పీడనాన్ని తట్టుకుంది కాబట్టి వేగం పెరిగింది, వేగంతో దూరమూ పెరిగి కిలోమీటరు దాటింది. 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు సైన్యం వీటి దెబ్బ తిన్నది. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక దొరికిన రాకెట్లను ఇంగ్లండుకు పట్టుకుపోయారు. అక్కడ విలియం కాంగ్రీవ్ చేసిన రాకెట్లకు అవే ప్రేరణ.

వేగం, వేడి, గురి

ఇనుప గొట్టం చెప్పిన పాఠమే నేటికీ పాఠం. దూరం కావాలంటే వేగం కావాలి. 300 కిలోమీటర్లు పోవడానికి ఇంజన్ ఆగే సమయానికి సెకనుకు సుమారు 1.7 కిలోమీటర్ల వేగం ఉండాలి. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు మూడు. పది వేలకు ఏడు దాటాలి. 300 నుంచి పది వేలకు దూరం ముప్ఫై మూడు రెట్లు పెరిగింది, వేగం నాలుగు రెట్లు పెరిగితే చాలింది. సెకనుకు 7.8 కిలోమీటర్ల వేగం అందుకుంటే వస్తువు ఇక కింద పడదు, భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహమైపోతుంది. ఉపగ్రహం ఎగరేయగలిగిన దేశాన్ని చూసి మిగతా దేశాలు ఉలిక్కిపడేది ఇందుకే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను మోయించింది ఖండాంతర క్షిపణిగా తయారైన ఆర్-7 చేతే. మన అగ్ని కథ దీనికి తలకిందులు. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3 మొదటి దశ మోటారే, 1989 మే 22న చాందీపూర్ నుంచి లేచిన తొలి అగ్నికి మొదటి దశ అయింది.

నాలుగు రెట్ల వేగమే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మన స్వల్పశ్రేణి క్షిపణి పృథ్వీ బరువు సుమారు నాలుగున్నర టన్నులు, అగ్ని-1 పన్నెండు టన్నులు, అగ్ని-5 యాభై టన్నులు. మూడూ మోసే బాంబు బరువులో తేడా అంతగా లేదు. పెరిగిన బరువులో చాలా భాగం ఇంధనమే. ఆ ఇంధనం తన బరువునూ తానే మోసుకోవాలి కాబట్టి, ఖాళీ అయిన భాగాలను దారిలో జారవిడుస్తూ పోతారు. అవే దశలు. అగ్ని-1కు ఒక దశ, అగ్ని-5కు మూడు. జారిన ప్రతి దశా ఎక్కడో ఒకచోట నేల మీద పడాలి. పొడవాటి దూరాల పరీక్షలన్నీ సముద్రం వైపే జరగడానికి ఇదొక కారణం. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో డీఆర్‌డీఓకు మెట్టనేల మీద ఆరుబయలు పరీక్షా క్షేత్రం ఉంది. 2025లో అక్కడ డ్రోన్ నుంచి వదిలే చిన్న క్షిపణినీ, డ్రోన్‌లను కూల్చే లేజర్ ఆయుధాన్నీ పరీక్షించారు. ఆ క్షేత్రం కొద్ది కిలోమీటర్ల ఆయుధాలకు సరిపోతుంది గానీ, అక్కడి నుంచి అగ్నిని ఎగరేయడం కుదరదు.

రెండో చిక్కు వేడి. 300 కిలోమీటర్ల క్షిపణి డెబ్భై ఎనభై కిలోమీటర్ల ఎత్తుకు పోయి దిగుతుంది. అగ్ని-5 మొదటి పరీక్షలో ఆరు వందల కిలోమీటర్ల దాకా లేచి, ఇరవై నిమిషాల్లో గమ్యం చేరింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేదే నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున. అంత పైనుంచి గాలిలోకి మళ్లీ దిగేటప్పుడు, పునఃప్రవేశం అంటారు దాన్ని, ముందున్న గాలి నలిగి ముక్కు భాగం దగ్గర మూడు వేల డిగ్రీల వేడి పుడుతుంది. ఇనుము కరిగేది 1,538 డిగ్రీలకే. తొలి అగ్ని ప్రయోగం ముఖ్య ఉద్దేశం ఎంత దూరం పోతుందో చూడటం కాదు, ఈ వేడిని తట్టుకోగలమా అన్నది తేల్చుకోవడం. కార్బన్ నారను కార్బన్‌లోనే పొదిగి చేసిన కవచం ఆ పని నెగ్గుకొచ్చింది. స్వల్పశ్రేణికీ మిగతా వాటికీ మధ్య నిజమైన గీత ప్రకృతి గీసిందంటూ ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది.

మూడోది గురి. ఇంజన్ ఆగేటప్పుడు దిశలో ఒక డిగ్రీలో పదో వంతు పొరపాటు జరిగిందనుకోండి. 300 కిలోమీటర్ల దూరంలో అది అర కిలోమీటరు తేడా. ఐదు వేల కిలోమీటర్ల దూరంలో దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. విసిరిన రాయిని మధ్యలో పిలిచి సరిదిద్దడం కష్టం కాబట్టి, ఇంజన్ మండుతున్న ఆ కొద్ది నిమిషాల్లోనే క్షిపణి తన వేగాన్నీ దిశనూ తానే కొలుచుకుంటూ దిద్దుకోవాలి. బయటి సాయం లేకుండా ఇలా కొలుచుకునే ఏర్పాటును జడత్వ మార్గదర్శనం అంటారు. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ చేసే పనుల్లో ఇది ముఖ్యమైనది. నెల్లూరు జిల్లాలో పుట్టి, అనంతపురం జేఎన్‌టీయూ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివిన జి. సతీష్ రెడ్డి ఈ రంగంలోనే పేరు తెచ్చుకుని, 2018 నుంచి 2022 దాకా డీఆర్‌డీఓకు అధిపతిగా ఉన్నారు. టవర్ క్లాక్ నుంచి గీసిన వలయాల లెక్క ఆ ఊళ్లో చదివినాయన బతుకు పనే అయింది.

గీతలు గీసిన చేతులు

వేగం గానీ, వేడి గానీ 5,500 దగ్గర ఒక్కసారిగా మారిపోవు. 5,400 కిలోమీటర్ల క్షిపణికీ 5,600 కిలోమీటర్ల దానికీ ఇంజనీరు దృష్టిలో తేడా అంతంత మాత్రం.

ఇలాంటి గీతలు అనంతపురం రైతుకు కొత్త కాదు. వాతావరణ శాఖ లెక్కలో సగటు కన్నా 19 శాతం తక్కువ వాన పడినా ఆ సీజను 'సాధారణం'. 20 శాతం తగ్గితే 'లోటు'. వేరుశనగ మొక్కకు ఆ ఒక్క శాతం తేడా తెలియదు. అయినా కాగితం మీద గీతకు అటు పడ్డామా ఇటు పడ్డామా అన్నదాన్ని బట్టి సాయం లెక్కలు మారిపోతాయి. గీత ప్రకృతిది కాదు, దాని ఫలితాలు మాత్రం నిజమైనవి. క్షిపణుల గీతలూ అంతే.

5,500 అంకె పుట్టింది అమెరికా, సోవియట్ యూనియన్ల ఒప్పందాల బల్ల మీద. 1972లో సాల్ట్-1, 1979లో సాల్ట్-2 చర్చల్లో ఏది ఖండాంతర క్షిపణో రాసుకోవలసి వచ్చింది. అమెరికా ప్రధాన భూభాగపు ఈశాన్య అంచు నుంచి సోవియట్ ప్రధాన భూభాగపు వాయవ్య అంచుకు ఉన్న అతి దగ్గర దూరాన్ని కొలిచారు. అది 5,500 కిలోమీటర్లు. అంతకు మించి పోగలిగినదే ఖండాంతరం. అంటే రెండు కొట్లాటగాళ్ల ఇళ్ల మధ్య దూరం ప్రపంచానికంతా కొలబద్ద అయి కూర్చుంది. మన మొగదిషు, టోక్యో చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. ఆ అంకె రాసినవాళ్ల పటంలో అనంతపురం లేదు.

1987 డిసెంబరు 8న రేగన్, గోర్బచేవ్ సంతకాలు చేసిన ఐఎన్ఎఫ్ ఒప్పందం ఇంకో గీత గీసింది. నేల మీది నుంచి పేల్చే, 500 నుంచి 5,500 కిలోమీటర్ల మధ్య పోయే క్షిపణులన్నీ రెండు దేశాలూ నాశనం చేయాలి. 1991 నాటికి 2,692 క్షిపణులను ధ్వంసం చేశారు. 499 కిలోమీటర్ల దానికి బతికే హక్కుంది, 501 దానికి లేదు. ఒక ఆయుధ జాతి మొత్తం ఇలా అంకె మీద ఆధారపడి అంతరించిపోవడం అరుదు. ఆ ఒప్పందం 2019 ఆగస్టు 2న రద్దయింది.

మనల్ని ఎక్కువగా తాకిన గీత మాత్రం 300. అదే 1987లో అమెరికా, మరో ఆరు సంపన్న దేశాలు కలిసి క్షిపణి పరిజ్ఞానం ఎగుమతులను కట్టడి చేసే ఎంటీసీఆర్ ఏర్పాటు చేసుకున్నాయి. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోయగల దేన్నీ, దాని ముఖ్య భాగాలనూ తేలిగ్గా అమ్మకూడదన్నది నియమం. తొలితరం అణుబాంబు బరువు సుమారు 500 కిలోలన్నది ఒక అంచనా. ఇరుకైన యుద్ధరంగంలో కూడా అవసరమయ్యే దూరం 300 కిలోమీటర్లన్నది రెండోది. రష్యాతో కలిసి చేసిన బ్రహ్మోస్ దూరం మొదట్లో 290 కిలోమీటర్లని ప్రకటించడంలో రహస్యం ఇదే. 2016 జూన్‌లో భారత్ ఎంటీసీఆర్‌లో సభ్యురాలైంది. 2017 మార్చిలో బ్రహ్మోస్ 450 కిలోమీటర్ల దూరానికి పరీక్ష పూర్తి చేసుకుంది. దక్షిణ కొరియా కథ ఇంకా చిత్రం. 1979లో అమెరికాతో కుదిరిన మాట ప్రకారం వాళ్ల క్షిపణులు 180 కిలోమీటర్లు దాటకూడదు. సుమారుగా అనంతపురం నుంచి బెంగళూరు దూరం. తర్వాత 300, ఆ తర్వాత 800 అయింది. 2021లో హద్దు పూర్తిగా ఎత్తేశారు.

ఈ 300 నియమంలో దూరం పక్కనే బరువు కూడా ఉందని గమనించండి. రాయి బరువును బట్టి అదే వడిసెల, అదే చేయి వేరు వేరు దూరాలు విసురుతాయి. హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకుని, 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి మొదట లేచిన పృథ్వీ, టన్ను బరువుతో 150 కిలోమీటర్లు, అర టన్నుతో 250 కిలోమీటర్లు పోయే రెండు రకాలుగా తయారైంది. బరువు చెప్పకుండా దూరం ఒక్కటే చెబితే అది సగం నిజమే.

ఒకే క్షిపణి, రెండు పేర్లు

పట్టికలు దేశానికొకటి. చైనా వాళ్ల లెక్కలో ఖండాంతరం ఎనిమిది వేల దగ్గర మొదలవుతుంది. మూడు వేల నుంచి ఎనిమిది వేల దాకా వాళ్లకు దీర్ఘశ్రేణి. అమెరికా కూడా తన మాట మీద తాను నిలబడలేదు. 1958 నుంచి ఇంగ్లండులో మోహరించిన థార్ క్షిపణిని ఐఆర్‌బీఎం అనే పిలిచారు. దాని దూరం మూడు వేల లోపే. ఇప్పటి పట్టిక ప్రకారం అది మధ్యశ్రేణిలోకి దిగిపోతుంది.

మన ఇంట్లో సంగతి చూద్దాం. అగ్ని-1 దూరం 700 కిలోమీటర్లు. కార్గిల్ యుద్ధం తర్వాత, పృథ్వీకీ అగ్ని-2కూ మధ్య ఖాళీ పూడ్చడానికి చేసింది. 2002 జనవరిలో తొలి పరీక్ష. 2023 జూన్ 1న శిక్షణ ప్రయోగం జరిపినప్పుడు అధికారిక ప్రకటన దాన్ని 'మీడియం రేంజ్' అంది. 2025 జులై 17న పృథ్వీ-2తో కలిపి ప్రయోగించినప్పుడు 'షార్ట్ రేంజ్' అంది. 2025 సెప్టెంబరులో రైలు బండి మీది నుంచి పేల్చిన అగ్ని-ప్రైమ్ దూరం రెండు వేల కిలోమీటర్లు. దాన్నీ, ఐదు వేల అగ్ని-5నూ ఒకే 'ఇంటర్మీడియట్' మాటతో పరిచయం చేశారు. దీన్ని కుట్రగా చూడనక్కర్లేదు. ప్రకటన రాసేవాళ్ల ముందు ఎవరూ దాటకూడని పట్టిక లేదు, అంతే.

అగ్ని-5 సంగతికి వస్తే, ప్రకటించిన ఐదు వేలనే పట్టుకుంటే 5,500 గీతకు ఇవతలే ఉంది కాబట్టి మధ్యంతర శ్రేణే సరైన మాట. 2012లో చైనా నిపుణుడొకరు దాని అసలు సత్తా ఎనిమిది వేలని అన్నారు. ప్రకటించే దూరం కూడా కొంత దౌత్య భాషే. ఎవరికి వినిపించాలో వాళ్లకు వినిపించేలా, ఎవరిని కలవరపెట్టకూడదో వాళ్లను కలవరపెట్టకుండా ఆ అంకె ఎంచుకుంటారు.

ఎగిరిన దూరం చూసి శ్రేణి తేల్చడం కూడా ప్రమాదమే. 2017 నవంబరు 28న ఉత్తర కొరియా పేల్చిన హ్వాసాంగ్-15 బయలుదేరిన చోటికి 950 కిలోమీటర్ల దూరంలోనే సముద్రంలో పడింది. ఆ దూరం మాత్రమే చూస్తే అది స్వల్పశ్రేణి. కానీ అది దాదాపు 4,475 కిలోమీటర్ల ఎత్తుకు లేచి పడింది. పొరుగు దేశాల మీదుగా పోకుండా నిటారుగా విసిరారు. అదే శక్తితో మామూలు కోణంలో విసిరితే, తేలికైన బరువుతో 13 వేల కిలోమీటర్లు పోగలదని నిపుణులు లెక్కగట్టారు.

అందుకని ఈసారి క్షిపణి వార్త చదివేటప్పుడు శీర్షికలోని శ్రేణి పేరును కాసేపు పక్కన పెట్టి మూడు అంకెలు వెతకండి: ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువుతో, ఎంత ఎత్తుకు లేచి. మూడింట్లో ఒక్కటైనా లేకపోతే, 'ఖండాంతర' అన్న మాటకు ఆ రోజుకు పెద్ద విలువ ఇవ్వకండి.